శ్రీలేఖ ఇంటి నిద్ర

నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే లక్ష్మీనారాయణ వాళ్ళ వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఇంటి ఆడపిల్ల సొంతిల్లు కట్టుకున్నా, కొనుక్కున్నా, అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి రావాలి. గృహప్రవేశం ఈ లెక్కలోకి రాదు. అది అత్తింటివాళ్ళ వేడుక. ఇది పుట్టింటివాళ్ళది. పిల్ల తల్లి ఆ ఇంటి పొయ్యి మీద తన చేత్తో పరమాన్నం వండాలి. కొత్త ఇత్తడి బిందెలో నీళ్ళు నింపి వంటింట్లో పెట్టాలి. వెళ్ళినవాళ్ళంతా ఆ రాత్రికి అక్కడే పడుకుని తెల్లారి లేచి రావాలి. దాన్ని వాళ్ళు ఇంటి నిద్ర అంటారు.

సుశీల ఆ ఇంటికి మూడో కోడలు, లక్ష్మీనారాయణ భార్య. పెద్ద తోడికోడలు భ్రమరాంబ కూతురు చిలకలూరిపేటలో మేడ కట్టుకున్నప్పుడు, నిద్రకి వెళ్ళినవాళ్ళందరికీ పులిహోర కలిపింది సుశీలే. రెండో తోడికోడలి కూతురు మాచర్లలో ఇల్లు కొన్నప్పుడు కరెంటు పోయింది. ఎండాకాలం. డాబా కడిగి, పక్కలు వేసి, పిల్లలకు విసురుతూ కూర్చుని, అందరికంటే చివర్న నడుం వాల్చింది కూడా సుశీలే. ఆమె ఎప్పుడూ విసుక్కోలేదు. నా పిల్లకీ ఒక రోజు వస్తుంది, అప్పుడు వీళ్ళంతా నా వెనక నడుస్తారు అనుకునేది.

ఆ రోజు వచ్చింది. ఒక్కగానొక్క కూతురు శ్రీలేఖ హైదరాబాదులో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. అల్లుడు శశికాంత్‌ది కంపెనీ ఉద్యోగం. ఇద్దరూ కలిసి నిజాంపేటలో ఐదో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు కొన్నారు. మాఘమాసంలో పాలు పొంగించారు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు అయిపోయి కొట్లో బేరాలు పల్చబడ్డాక, ఆషాఢం రాకముందే వెళ్ళి నిద్ర చేసి రావాలని అన్నదమ్ములు ముగ్గురూ అనుకున్నారు. జ్యేష్ఠంలో చివరి శనివారం ఖాయమైంది. పిల్లా పెద్దా కలిపి పద్నాలుగు మంది తేలారు. అబ్దుల్ జబ్బార్ టెంపో మాట్లాడారు. సుశీల ఇత్తడి బిందె కోసం మనిషిని, ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరం దాకా పంపించింది.

సరిగ్గా అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు.

మొదటి ఫోనులో శ్రీలేఖ, అంతమంది ఎందుకమ్మా అంటున్నారు మా అత్తయ్య అంది. శశికాంత్ తల్లి మాణిక్యాంబది గురజాల. భర్త పోయాక పెద్ద కొడుకు దగ్గరుంటుంది, వాళ్ళకి అక్కడ కిరాణా కొట్టు. ఇప్పుడు హైదరాబాదు వచ్చి తమ దగ్గరే ఉందనీ, నడుం నొప్పితో హాల్లో దివాను మీద పడుకుంటోందనీ, పద్నాలుగు మంది వస్తే ఆవిడ ఎక్కడికి లేచిపోవాలనీ శ్రీలేఖ చెప్పింది. సుశీల సర్దుకుంది. హాలు ఆవిడకి వదిలేసి మిగతావాళ్ళం రెండు గదుల్లో సర్దుకుంటాం, మగవాళ్ళు కింద పార్కింగులో పడుకుంటారు అంది.

రెండో ఫోనులో, పార్కింగులో పడుకుంటే అపార్టుమెంటు వాళ్ళు ఒప్పుకోరని అత్తయ్య అంటున్నారంది. మూడో ఫోనులో, రాత్రి ఉండకుండా పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతే బాగుంటుందని అత్తయ్య అంటున్నారంది. నాలుగో ఫోనులో బిందె మాట వచ్చింది. ఫ్లాటులో ఇత్తడి బిందె ఎక్కడ పెట్టుకుంటారు, పాత సామాను కొట్టులాగా ఉంటుంది అన్నారట మాణిక్యాంబగారు.

 సుశీల సామాన్లు అమ్ముకుని బతికే ఇంట్లో పుట్టింది, సామాన్లు అమ్ముకుని బతికే ఇంట్లో మెట్టింది. బిందెని చులకన చేస్తే తనను చేసినట్టే అనిపించింది.

"అట్టా అన్నదా ఆమె? నీ ముందే అన్నదా?"

"అంటే... మామూలుగా అన్నారమ్మా. నువ్వు పట్టించుకోకు" అంది శ్రీలేఖ.

"నువ్వేమీ అనలేదా?"

"ఏమంటానమ్మా. నలుగురు రండి చాలు. నువ్వూ, నాన్నా, ఇంకో ఇద్దరూ. ఆవిడ నలుగురికైతే ఒప్పుకున్నారు."

ఒప్పుకున్నారు అనే మాట సుశీలని ఆ రాత్రంతా పొడిచింది. కిస్తీలో సగం కూతురు జీతంలోంచి కడుతుంటే, ఆ ఇంటికి తల్లి రావడానికి ఇంకొకావిడ ఒప్పుకోవాలి. ఎంతమంది రావాలో ఆవిడ చెప్పాలి. ఎప్పుడు లేచిపోవాలో ఆవిడ చెప్పాలి.

పొద్దున్నే భర్తతో, నేను ఆమెతో మాట్లాడతా అంది. లక్ష్మీనారాయణ ఒప్పుకోలేదు. వాళ్ళలో అది పద్ధతి కాదు. ఆడపిల్లవాళ్ళు వియ్యాలవారిని నిలదీయరు. చెప్పాల్సింది ఏదైనా పిల్ల చేత చెప్పిస్తారు, వాళ్ళు చెప్పేదీ పిల్ల నోటి ద్వారానే వింటారు. పిల్ల పెళ్ళయి ఆరేళ్ళయినా సుశీల, మాణిక్యాంబ పండక్కి పలకరింపులు తప్ప ఫోనులో మాట్లాడుకున్నది లేదు.

"ఆడపిల్లవాళ్ళం. మనం ఒకటంటే అక్కడ దానికి నాలుగు పడతయ్. నోరు మూసుకో" అన్నాడు లక్ష్మీనారాయణ.

నోరు మూసుకున్నది సుశీల ఒక్కతే. వీధి అవతలే కాపురం ఉండే భ్రమరాంబ రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని మాణిక్యాంబని ఉతికి ఆరేసేది. పెళ్ళిలో గారెలు చల్లారాయని ముఖం ముడుచుకున్నప్పుడే ఆమె సంగతి తెలిసిందనేది. మనిషి నడుం వంగినా పెత్తనం వంగలేదనేది. కోడలి సంపాదన కావాలి గాని కోడలి పుట్టిల్లు వద్దు అనేది. రెండో తోడికోడలు ఔనౌననేది. పిల్లలు కూడా గురజాల మామ్మ నడిచినట్టు నడుం పట్టుకుని నడిచి చూపించి నవ్వేవాళ్ళు. సుశీలకి ఆ నవ్వులు కొంచెం ఊరటగానే ఉండేవి. తప్పు తన కూతురిది కాదు, ఆమెది. ఆ మాట పది నోళ్ళలో వింటుంటే అవమానం తేలికయినట్టుండేది.

కానీ శనివారం దగ్గరపడుతోంది. నలుగురంటే ఎవరెవరు? తనూ, భర్తా పోను ఇద్దరు. భ్రమరాంబని తీసుకెళ్తే రెండో తోడికోడలికి కోపం. ఆమెని తీసుకెళ్తే ఈమెకి. పెద్దవాళ్ళని తీసుకెళ్ళి పిల్లల్ని వదిలేస్తే పిల్లల ఏడుపు. జబ్బార్ ఒకటికి రెండుసార్లు ఫోను చేశాడు, బండి ఉంచాలా వేరేవాళ్ళకివ్వాలా చెప్పమ్మా, తిరపతి బేరం వచ్చింది అని. లక్ష్మీనారాయణ రేపు చెప్తా, రేపు చెప్తా అంటున్నాడు.

బుధవారం నాడు సుశీల, పిడుగురాళ్ళలో తెలిసినవాళ్ళ ఇంట బారసాల ఉందని భర్తతో చెప్పి బస్సెక్కింది. పిడుగురాళ్ళలో దిగింది గానీ ఊళ్ళోకి పోలేదు. ఊరంతా సున్నపు బట్టీల దుమ్ము తెల్లగా లేస్తుంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బస్టాండులోనే కూర్చుని, గురజాల బస్సెక్కింది. మాణిక్యాంబ హైదరాబాదులో ఉందనే అనుకుంటోంది. ఆవిడ పెద్ద కొడుకుతో మాట్లాడాలని ఆమె ఆలోచన. అతను నెమ్మదస్తుడు. అతని ద్వారా తల్లికి చెప్పించవచ్చు. నిలదీసినట్టూ ఉండదు.

గురజాల బస్టాండులో బత్తాయిలు కొని ఆటోలో వెళ్ళింది. కిరాణా కొట్లో పెద్ద కొడుకు కందిపప్పు తూస్తున్నాడు. ఆమెని చూసి గబగబా లేచాడు.

"రండత్తయ్యగారూ. అమ్మ లోపలే ఉంది, వెళ్ళండి" అన్నాడు.

సుశీలకి ముందు అర్థం కాలేదు. అమ్మ ఎప్పుడొచ్చింది నాయనా అని అడగబోయి ఆగింది. కొట్టు పక్కన సందులోంచి లోపలికి నడిచింది.

మాణిక్యాంబ వెనక వసారాలో పీట వేసుకుని, ముందు చేట పెట్టుకుని, చింతపండు గింజలు తీస్తోంది. పక్కన బుట్టలో ఇంకా చాలా ఉంది. మనిషి నిటారుగా కూర్చుని ఉంది. నడుం నొప్పి ఉన్న మనిషి అలా పీట మీద కూర్చోలేదని సుశీలకి తెలుసు, తనకీ ఉంది కాబట్టి.

"రా వదినా" అంది మాణిక్యాంబ. లేవలేదు. "దోవ తప్పి వచ్చావా?"

"మీ నడుం ఎట్టా ఉందో చూసిపోదామని వచ్చా."

"నా నడుముకి ఏమొచ్చింది?"

"హైదరాబాదు నుంచి ఎప్పుడొచ్చారు వదినా?"

మాణిక్యాంబ చేతిలో గింజ చేటలో పడేసి తలెత్తి చూసింది. కొడుకు వెనకే కాఫీ చెప్పడానికి వచ్చినవాడు ఆ చూపు చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఏంది వదినా, ఎకసెక్కమా? నన్ను రావద్దని చెప్పించింది నువ్వు. మళ్ళీ ఎప్పుడొచ్చావని అడిగేదీ నువ్వేనా?"

"నేను చెప్పించానా?"

"నువ్వు కాకపోతే ఎవరు? గృహప్రవేశం నాడు సాయంత్రం బయల్దేరి వచ్చేశా. మళ్ళా నేను ఆ గడప తొక్కలేదు. వైశాఖంలో పోయి పదిరోజులుండి వద్దామని శశికాంతుకి ఫోను చేస్తే, కోడలు అందుకుంది. మా అమ్మావాళ్ళు నిద్ర చేసిపోయిందాకా ఆగండత్తయ్యా, మీరుంటే మా అమ్మ ఇబ్బంది పడుతుంది అంది. నా కొడుకింటికి నేను పోవాలంటే నీ ఇబ్బంది అడ్డమొచ్చింది. నేను ఎవరితోనూ అనలా. ఇట్టా కూర్చుని చింతపండు గిల్లుకుంటున్నా."

సుశీల వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బత్తాయిల సంచీ ఒళ్ళోనే ఉంది. అడగాల్సినవన్నీ ఒక్కసారిగా నోటికొచ్చాయి. ఒక్కొక్కటే అడిగింది. పద్నాలుగు మంది ఎందుకన్నారా? పార్కింగులో పడుకోవద్దన్నారా? రాత్రి ఉండొద్దన్నారా? మాణిక్యాంబ ప్రతిదానికీ అడ్డంగా తలూపింది. ఒక్కోదానికి ముఖం ఇంకాస్త ఎర్రబడింది.

"బిందె మాట?"

"ఏం బిందె?"

"ఇత్తడి బిందె. పాత సామాను కొట్టులాగా ఉంటుందన్నారట."

"నేనెందుకంటా వదినా? మా అమ్మ ఇచ్చిన బిందెలో ఇప్పటికీ నీళ్ళు తాగుతున్నా. అదుగో." ఆవిడ చెయ్యి చాపిన వైపు సుశీల చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

 ఆ తర్వాత మాణిక్యాంబకి ఎక్కడలేని కోపమూ వచ్చింది. మీ పేటలో ఎంతమంది నన్ను తిట్టారు వదినా, నిజం చెప్పు అని అడిగింది.  పిల్లలు నడుం పట్టుకుని నడిచిన నడక కళ్ళ ముందు కదిలి సుశీల తల దించుకుంది. తిట్టారన్నమాట, అంది మాణిక్యాంబ. చెయ్యని పనికి ఊరుగాని ఊళ్ళో నా పేరు అరుగుల మీద పడింది, ఇన్నాళ్ళూ ఆ పిల్లని నేనొక్క మాట అన్నది లేదు, అడక్కుండా వాడుకోవడానికి నా పేరు ఊరుమ్మడి సొత్తా అంది. ఫోను తీసి కొడుకు నంబరు నొక్కబోయింది. సుశీల ఆ చెయ్యి పట్టుకుంది.

"నా కూతురు వదినా. ముందు నన్ను అడగనీయండి."

"నీ కూతురిని నువ్వడుగు. నా కొడుకుని నేనడుగుతా. వాడికి తెలియకుండా జరిగిందా ఇది? వాడి నోట్లో ఏముంది?"

"అడుగుదురుగాని. రేపటిదాకా ఆగండి."

మాణిక్యాంబ ఆగింది గానీ, మాటలు ఆగలేదు. కాఫీ వచ్చింది. ఇద్దరూ కోపంలోనే తాగారు. వెళ్ళేటప్పుడు పెద్ద కోడలి చేత బొట్టు పెట్టించి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. ఒట్టి చేతులతో పంపించానని రేపు ఇంకో మాట పుట్టకుండా అంది.

గురజాల బస్టాండులో బస్సుకింకా టైముంది. సుశీల బెంచీ మీద కూర్చుని కూతురికి ఫోను చేసింది. ఆఫీసులో ఉన్నానమ్మా, సాయంత్రం చేస్తా అంది శ్రీలేఖ. నేను గురజాలలో ఉన్నా అంది సుశీల. అవతల ఏదో తలుపు వేసిన చప్పుడయింది. 

"మీ అత్త నడుం బాగానే ఉంది" అంది సుశీల. "హాల్లో దివాను మీద ఎవరు పడుకుంటున్నారమ్మా?"

"అమ్మా..."

"ఎందుకు చెప్పావు ఇన్ని అబద్ధాలు?"

"నేనే వద్దంటున్నా అని చెప్తే వినేవాళ్ళా మీరు?"

"ఎందుకు వినం?"

"వినరు. చెప్పి చూశా కదా. గృహప్రవేశం నాడు భ్రమరాంబ పెద్దమ్మ ఏం చేసింది? మా ఆఫీసువాళ్ళంతా భోజనాల దగ్గర కూర్చునుంటే, ఇల్లయితే కొన్నావు గాని ఒళ్ళోకి బిడ్డ ఎప్పుడే అని అడిగింది. అక్కడితో ఆగలా. నాటుమందు పొట్లం తీసి చేతిలో పెట్టింది, ఇద్దరూ నలభై రోజులు మింగండి అని. నీ దగ్గరికొచ్చి ఏడ్చా. నువ్వేమన్నావు? పెద్దవాళ్ళు, మన మంచికే అంటారు, పట్టించుకోకు అన్నావు. ఇప్పుడు ఆమెనే రాత్రంతా నా ఇంట్లో పడుకోబెట్టాలి. నా అల్మారాలు తీస్తది. నా మందులు చూస్తది. నేను పిల్లల కోసం మందులు వాడుతున్నానమ్మా, అవి కంటపడతాయనే అత్తయ్యనీ రావద్దన్నా. నీకు కూడా చెప్పలేదు, చెప్తే తెల్లారేసరికి పేటంతా తెలుస్తది."

సుశీల చెవి దగ్గర ఫోను వేడెక్కింది. పక్కన కూర్చున్న ముసలాయన తన వైపే చూస్తున్నాడని లేచి అవతలకి నడిచింది.

"ఆ మాట నాతో అనుంటే పోయేది కదా. ఆవిడ పేరెందుకు పెట్టావు?"

"ఎందుకంటే అత్తగారు వద్దంటే మీరంతా ఆగుతారు. తిట్టుకుంటారు, కానీ ఆగుతారు. నేను వద్దంటే ఆగరు. ఆడపిల్ల ఏదో అంటదిలే అని బండెక్కి వస్తారు. మీకు ఆమె మాట చెల్లుతుంది, నా మాట చెల్లదు."

"అందుకని ఆమెని బద్నాం చేస్తావా? నా పేరు చెప్పి ఆమెని ఆపావు, ఆమె పేరు చెప్పి నన్ను ఆపావు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే నువ్వు హాయిగా కూర్చున్నావు. ఇదా నువ్వు చదివిన చదువు?"

శ్రీలేఖ ఏడవలేదు. ఏడ్చి ఉంటే సుశీల కోపం కొంత దిగేదేమో.

"తప్పే. కానీ నువ్వూ నాన్నా మాత్రమే రండి. ఎన్ని రోజులైనా ఉండండి. పెద్దమ్మావాళ్ళని తీసుకురావద్దు. ఇది నేనే చెప్తున్నా" అంది.

సుశీల ఫోను పెట్టేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఎవరి మీద ఎక్కువ కోపగించుకోవాలో తేల్చుకోలేకపోయింది. మందులు వాడుతున్న సంగతి కన్నతల్లికి చెప్పని కూతురి మీద కోపం వచ్చింది. పొట్లం చేతిలో పెట్టిన భ్రమరాంబ మీద వచ్చింది. ఇన్నేళ్ళుగా అందరి కూతుళ్ళ ఇళ్ళలో వంటలు వండి, పక్కలు వేసి, తన వంతు వచ్చేసరికి తన బండి కదలకుండా పోతున్నందుకు వచ్చింది. అందరికీ జరిగింది, నా పిల్లకే జరగదు.  పట్టించుకోకు అని తను అన్న సంగతి కూడా గుర్తొచ్చింది. దాని మీదా కోపం వచ్చింది, ఎందుకంటే ఇన్నేళ్ళూ తనతో అందరూ అన్నది అదే మాట.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బావగారు ఇద్దరూ, తోడికోడళ్ళిద్దరూ హాల్లో కూర్చుని ఉన్నారు. జబ్బార్ ఖరాఖండీగా చెప్పేశాడట, ఇవాళ తేల్చకపోతే బండి తిరపతి పోతుందని. పెద్ద బావగారు, నలుగురమైతే మనకి తలవంపులు, పోతే అందరం పోదాం, ఆమె ఏమంటుందో చూద్దాం అంటున్నాడు. భ్రమరాంబ అప్పటికే మొదలుపెట్టింది.

"ఏమే సుశీలా, ఎక్కడికెళ్ళావే ఇంతసేపు? ఇట్రా కూర్చో. ఆ గురజాల ముసలమ్మని నేను గుమ్మంలోనే నిలేస్తా చూడు. దివాను మీద పడుకున్నావు సరే, మంచాల మీద కూడా నువ్వే పడుకుంటావా అని అడుగుతా" అంది. రెండో ఆమె నవ్వింది.

"ఆవిడని అనొద్దక్కా" అంది సుశీల. "ఆవిడ అక్కడ లేదు. గురజాలలోనే ఉంది. నేను చూసొచ్చా."

లక్ష్మీనారాయణ కుర్చీలోంచి లేచాడు. గురజాల వెళ్ళావా, నాకు చెప్పకుండానా అన్నాడు. సుశీల అందరి వైపూ తిరిగింది. చెప్పాల్సింది అందరికీ కలిపి చెప్పింది. మాణిక్యాంబ ఒక్క మాట అనలేదనీ, అంతమంది వద్దన్నది శ్రీలేఖేననీ చెప్పింది.

ఎవరూ నమ్మలేదు. అది సుశీల ఊహించలేదు. ఆ పిల్ల అట్టా అనదు అన్నాడు పెద్ద బావగారు. అత్త అనిపించి ఉంటుంది, ఇప్పుడు నువ్వెళ్ళి అడిగేసరికి కోడలి మీదకి తోసింది, నువ్వు నమ్మి వచ్చావు అంది భ్రమరాంబ. ఆ మాట అందరికీ నచ్చింది. చూస్తూ ఉండగానే అదే నిజమైపోయింది. పైగా మాణిక్యాంబకి జిత్తులమారితనం కూడా తోడయింది.

లక్ష్మీనారాయణ భార్యని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఏమే, వాళ్ళు ఎట్టా అనుకుంటే అట్టా అనుకోనీ. ఆమె పేరే కానియ్. మన పిల్ల పేరు నిలబడుద్ది. బండి వద్దని చెప్పేద్దాం, ఆమె పడనివ్వలేదని చెప్పేద్దాం. ఆమె ఏమన్నా ఇక్కడుందా, వింటదా? పోయేదేముంది?"

"ఆమెని నా పేరు చెప్పి ఆపినప్పుడు నేనూ లేనుగా అక్కడ" అంది సుశీల. "నా పేరూ అట్టాగే కానిచ్చారు."

ఆమె హాల్లోకి వచ్చింది. 

"అక్కా, శ్రీలేఖ నిన్నే రావద్దంది. గృహప్రవేశం నాడు నలుగురిలో నువ్వన్న మాటకి, ఇచ్చిన పొట్లానికి. నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేను దానికే సర్దిచెప్పా. అప్పుడే నీతో చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు చెప్తున్నా. ఆ పిల్లని ఆ సంగతి ఇంకెవరూ అడగొద్దు. ఫోనులో కూడా అడగొద్దు."

భ్రమరాంబ ముఖం మొదట నవ్వుతూనే ఉంది. తర్వాత నెమ్మదిగా పాలిపోయింది.

"నేను దాని చెడు కోరానంటావా?"

"కోరలా. కానీ అడిగావు."

"మా పిల్ల ఇంటికి నువ్వు రాలేదా? నిన్ను రావద్దన్నదా అది?"

"వచ్చా. పులిహోర కలిపా. ఒక్క మాట అడగలా."

పెద్ద బావగారు చెప్పులేసుకున్నాడు. భ్రమరాంబ ఆయన వెనకే వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగి, ఇంటి నిద్రకి అన్నదమ్ములు లేకుండా పోయిన ఇల్లు ఈ వంశంలో ఇదే మొదలు అంది. సుశీలకి తగలాలనే అంది. తగిలింది. రెండో తోడికోడలూ, ఆమె భర్తా కూడా లేచి వెళ్ళిపోయారు. లక్ష్మీనారాయణ జబ్బార్‌కి ఫోను చేసి బండి వద్దన్నాడు. తర్వాత భార్యతో, మా అన్నలు రాని చోటికి నేనూ రాను అన్నాడు.

"రావద్దు" అంది సుశీల. "నేనొక్కదాన్నే పోతా."

మర్నాడు పొద్దున కూతురికి ఫోను చేసి రెండు మాటలు చెప్పింది. శనివారం బస్సుకి వస్తున్నానంది. అయితే ఆలోగా మాణిక్యాంబగారికి ఫోను చేసి జరిగిందంతా శ్రీలేఖ తన నోటితోనే చెప్పాలంది. మీ ఆయన చేత చెప్పించొద్దు, నువ్వే చెప్పు, ఆవిడ తిట్టినన్ని తిట్లు తిను, ఆవిడ నుంచి నాకు ఫోను వస్తేనే నేను బస్సెక్కేది అంది. శ్రీలేఖ సరే అంది. ఆ సరే చాలా చిన్నగా వినిపించింది.

గురువారం ఫోను రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం దాకా రాలేదు. లక్ష్మీనారాయణ కొట్టు నుంచి భోజనానికి వచ్చి, వెళ్ళి, మాట్లాడలేదు. వీధి అవతల తలుపు వేసే ఉంది. సుశీల చీరలు తీసి పెట్టింది, మళ్ళీ బీరువాలో పెట్టేసింది. చీకటి పడుతుండగా ఫోను మోగింది.

"చేసింది వదినా" అంది మాణిక్యాంబ. "పొద్దున్నుంచీ నాలుగుసార్లు చేసి పెట్టేసింది. ఐదోసారి మాట్లాడింది."

"ఏమన్నారు మీరు?"

"తిట్టా. తిట్టకుండా ఉంటానా? అరగంట తిట్టా. వాడిని కూడా పిలిపించి తిట్టా. నేనెప్పుడు రావాలో నేనే చెప్తా, మధ్యలో మీ అమ్మ పేరు ఎత్తావంటే చూడమన్నా." గొంతు మార్చి అడిగింది. "మందులు వాడుతున్నదంటగా. నీకు తెలుసా?"

"మొన్ననే తెలిసింది."

"నాకు ఇవాళ. నువ్వు పో వదినా. పోయి చూడు ఎట్టా ఉందో. నేను తర్వాత పోతా."

శనివారం పొద్దున సుశీల ఒక్కతే హైదరాబాదు బస్సెక్కింది. లక్ష్మీనారాయణ బస్టాండు దాకా వచ్చి, సంచీ పైన పెట్టి, బస్సు కదిలేముందు దిగిపోయాడు. దాచేపల్లి దాటేదాకా సుశీల కూతురితో అనాల్సిన మాటలు మనసులో వరసగా పెట్టుకుంటూనే ఉంది. అబద్ధానికి ఒకటి. దాచినందుకు ఒకటి. తన వంతు తనకి దక్కకుండా చేసినందుకు ఇంకొకటి, అది అన్నిటికంటే గట్టిది. పొందుగుల వంతెన మీద కృష్ణ దాటుతుంటే ఫోను వచ్చింది.

"అమ్మా, ఎక్కడిదాకా వచ్చావు?"

"ఏటి మీదున్నా" అంది సుశీల. "నేను ఇల్లు చూడ్డానికి రావట్లేదు, తెలుసుగా? నిన్ను అడగాల్సినవి ఉన్నయ్."

"తెలుసు. రా."

"డాక్టరు చీటీలన్నీ తీసి పెట్టు. ఒక్కటి దాచావంటే ఊరుకోను."

"మియాపూర్‌లో దిగు. నేనే వస్తా బస్టాపుకి" అంది శ్రీలేఖ.

"నాకు దోవ తెలుసు" అంది సుశీల. ఆమెకి తెలియదు. కానీ ఆ మాట ఒప్పుకునేంతగా కోపం ఇంకా తగ్గలేదు. వంతెన దాటి వాడపల్లి వచ్చేదాకా పంతం పట్టి, అప్పుడు మళ్ళీ తనే ఫోను చేసి, మియాపూర్‌లో ఎక్కడ నిలబడతావో చెప్పు అంది.